బండ సందుల్లో నీళ్లు: హైదరాబాద్ చుట్టూ బావులు, బోర్లు చూస్తూ

హైదరాబాద్‌లో భూగర్భజలం సంగతి చూడాలంటే మే ఆఖరు వారమే సరైన సమయం. తిరగడానికి ఆ ఎండ సుఖం కాదు గానీ, నేల కింద ఎంత మిగిలిందో తేలేది అప్పుడే. కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి నాలుగుసార్లు, జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో, బావుల మట్టాలు కొలుస్తుంది. మే కొలతకూ నవంబరు కొలతకూ మధ్య తేడాను బట్టి ఆ ఏడాది వానలో ఎంత లోపలికి దిగిందో లెక్క కడతారు. అనంతపురం నుంచి వెళ్లినవాళ్లకు అక్కడి రాయి కొత్తేమీ కాదు, ఎక్కువభాగం అదే గ్రానైటు. వానైతే మా జిల్లాలో సుమారు 550 మిల్లీమీటర్లు, అక్కడ 800 దగ్గర. అయినా వీధుల్లో ట్యాంకర్లు అక్కడే ఎక్కువ కనబడ్డాయి.

శుక్రవారం, కుతుబ్‌షాహీ సమాధుల తోట

గోల్కొండ కోటకు కాస్త దూరంలో సమాధుల తోట. అందరూ గుమ్మటాలు చూస్తారు. నీళ్ల సంగతి చూడవచ్చినవాళ్లు ముందు చూడాల్సింది బడీ బావ్లీని. 2013 వానలకు ఈ దిగుడుబావి గోడ ఒకవైపు కూలిపోయింది. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి రాయి రాయి ఏరి మళ్లీ కట్టించాయి. ఇక్కడి దిగుడుబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది.

పాత బావులు సాధారణంగా కూలేది కరువులో కాదు, కరువు వెంట వచ్చే పెద్దవానలో. బావి ఖాళీగా ఉంటుంది, గోడ వెనక మట్టి మాత్రం నీళ్లు తాగి ఉబ్బుతుంది. లోపలి నుంచి గోడను ఆపే నీళ్లు ఉండవు, వెనక నుంచి తోపు పెరుగుతుంది. రాళ్ల సందుల్లో సున్నం ఉంటే ఆ తేమ కొంత బయటికి కారిపోతుంది. సందులకు సిమెంటు పూసి ‘బాగు’ చేసిన బావుల్లో ఆ దారి మూసుకుపోతుంది. పల్లెల్లో బావి బాగుచేతకు సిమెంటు మూటలు పట్టుకొచ్చేవాళ్లు ఇక్కడికొచ్చి ఈ గోడలు ఒకసారి చూసి వెళ్లాలి.

బావి ఇంత వెడల్పు ఎందుకన్న దానికి జవాబు లెక్కలోనే ఉంది. 5 మీటర్ల వ్యాసమున్న బావిలో ఒక మీటరు లోతు నీళ్లంటే దాదాపు 19,600 లీటర్లు. ఇప్పుడు వేసే ఆరున్నర అంగుళాల బోరులో అదే మీటరుకు పట్టేది 21 లీటర్లు. గ్రానైటు మీది మెత్తబడిన పొర నీళ్లను మెల్లగా వదులుతుంది. రాత్రంతా ఊరిన నీరు పొద్దున్నకల్లా ఒకచోట నిలవుండాలంటే వెడల్పు కావాలి. బోరుకు ఆ ఓపిక లేదు, ఊట ఎంత వస్తే అంతే.

కోటకు నీళ్లు దుర్గం చెరువు నుంచి మట్టిగొట్టాల్లో వచ్చేవి. కోట లోపల మోటబావి చక్రాలతో ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి తోడేవారు. ఇప్పుడు ఆ చెరువు మీద తీగల వంతెన, చుట్టూ ఐటీ భవనాలు.

మధ్యాహ్నం టోలీచౌకీ వైపు ఒక ఇరానీ హోటల్లో చాయ్ ఇరవై రూపాయలు, ఉస్మానియా బిస్కెట్ అయిదు. మేం కూర్చున్న కాసేపట్లోనే వాకిట్లో ట్యాంకర్ ఆగింది. ‘5,000 లీటర్లకు పన్నెండు వందలు, రోజుకొకటి’ అన్నాడు గల్లా దగ్గర ముసలాయన. హోటలుకు సొంత బోరు ఉంది. ‘ఉంది భాయ్, గిన్నెలు కడగడానిక్కూడా పనికొస్త లేదు’ అంటూ చిల్లర లెక్కపెట్టాడు. గ్లాసుడు మంచినీళ్లు మాత్రం అడక్కుండానే, చాయ్ కన్నా ముందే పెట్టించాడు. ఆ మర్యాదకు ట్యాంకరు నీళ్లలోనూ కోత పడలేదు.

అదే సాయంత్రం, బన్సీలాల్‌పేట

సికింద్రాబాద్ వైపు ఈ బావిని వెతుక్కుంటూ ఆటో రెండు గల్లీలు తప్పింది. ‘ఫోన్‌ల సూపిచ్చినట్టు పోతే గల్లీలనే తిరుగుతం అన్నా. దిగి నడువున్రి, గా మూలకే’ అని నూటయాభై తీసుకుని వెళ్లిపోయాడు. గా మూలకు లేదు. ఇంకో మూల తిరిగాక ఇంటి ముందు మిరపకాయలు తొడిమలు తీస్తున్న ఒక అవ్వ, అడక్కముందే చెయ్యి చాపి దారి చూపించింది. ఆ వీధిలోకి కొత్తవాళ్లు వచ్చేది బావి కోసమే మరి.

దశాబ్దాల పాటు చెత్త, ఇళ్లు కూల్చిన శిథిలాలతో పూడిపోయిన బావి ఇది. అంతా తవ్వితీసి 2022 డిసెంబరులో తెరిచారు. ఇలాంటి పనిలో వరస ముఖ్యం. ముందు మురుగు పైపుల దారి మళ్లించాలి. అది చేయకుండా పూడిక తీస్తే శుభ్రమైన గుంతలోకి శుభ్రంగా మురుగు దిగుతుంది. తర్వాత పూడిక పైనుంచి పొరలు పొరలుగా తియ్యాలి, ప్రతి పొరకూ గోడలో పగుళ్లు చూసుకుంటూ. లోపల నీళ్లు ఉంటే పెద్ద మోటర్లు పెట్టి ఒక్కరోజులో ఖాళీ చేయకూడదు. లోపలి మట్టం దిగినంత తొందరగా గోడ వెనక మట్టం దిగదు, బడీ బావ్లీ దగ్గర చెప్పిన తోపే మళ్లీ వస్తుంది. రోజుకు రెండు మూడు అడుగులు చాలు. చివర్న పైన జాలీ, రాత్రి కాపలా. కాపలా లేని బావిలో చెత్త పడటానికి ఎంతోకాలం పట్టదు.

శనివారం, కొండాపూర్ వెనక వీధి

రాత్రి తొమ్మిదిన్నరకు ఒక అపార్ట్‌మెంటు ముందు రిగ్గు లారీ, దాని వెనక కంప్రెసర్ లారీ. పనివాళ్లు తమిళులు. దేశంలో ఎక్కడ బోరు లారీ కనబడ్డా తమిళనాడులోని తిరుచెంగోడు పేరు వినబడుతుంది, ఇక్కడా అదే. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. అంతకుముందే ఇంకో కొబ్బరికాయ పని అయిపోయింది: నీళ్లు చూసే ఆయన అరచేతిలో కాయ లేచి నిలబడ్డ చోట సున్నంతో గుర్తు పెట్టి ఉంది. ఆ గుర్తు సరిగ్గా సంప్‌కు అయిదడుగుల దూరంలో, సెప్టిక్ ట్యాంకుకు పన్నెండు అడుగుల దూరంలో ఉంది. సెప్టిక్ ట్యాంకుకూ బోరుకూ కనీసం 50 అడుగులు ఉండాలంటారు తెలిసినవాళ్లు. కొబ్బరికాయకు ఆ సంగతి తెలియదు.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరు వేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, రిగ్గుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆచరణలో బోర్లు రాత్రిపూట ఎందుకు పడతాయో వీధివాళ్లందరికీ తెలుసు.

‘పక్కవాళ్లకు తొమ్మిదొందల్లో పడ్డాయండీ, మనం వెయ్యి దాకా వెళ్దాం అనుకున్నాం’ అన్నారు సంఘం కార్యదర్శి. రేటు: మొదటి 300 అడుగుల వరకు అడుగుకు 110, ఆపైన ప్రతి వందకూ రేటు పెరుగుతుంది. పైమట్టి బోరులోకి కూలకుండా దించే గొట్టం, అదే కేసింగు, వేరే లెక్క. వెయ్యి అడుగులు దించి, మోటరు, పైపు, కేబులు కలిపితే మూడు లక్షలు దాటుతుంది.

రిగ్గు దగ్గర నిలబడి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎవరూ చూసుకోరు. ఒక్కో రాడ్డు 20 అడుగులు. ఎన్ని రాడ్లు దిగాయో గోడ మీద గీతలు పెట్టుకుంటే బిల్లులో అడుగులు పెరగవు. రాడ్డు కొలత కూడా టేపు పట్టి చూసుకోవాలి, 15 అడుగులవీ ఉంటాయి. ప్రతి పది అడుగులకూ వచ్చే పొడిని ఒక చిన్న కవర్లో వేసి లోతు రాసిపెట్టుకోవాలి. మొదట ఎర్రమట్టి, తర్వాత గోధుమరంగు మొరం, ఆ తర్వాత తెలుపూ బూడిదా కలిసిన పొడి వస్తాయి. పొడి తెల్లబడి గట్టిపడ్డాక కనీసం రెండు మూడు అడుగులు ఆ బండలోకి దిగేలా కేసింగు కూర్చోబెట్టాలి. ఇక్కడే కక్కుర్తి. కేసింగు పది అడుగులు తగ్గిస్తే అయిదారు వేలు మిగులుతాయి. ఏడాది తిరక్కముందే సందులోంచి మట్టి జారి మోటరు ఇరుక్కుంటుంది, లేదా పైన డ్రైనేజీ నీళ్లు కేసింగు పక్క నుంచి దిగి బోరులో కలుస్తాయి. కేసింగు బయటి సందును కనీసం పై పది అడుగులైనా సిమెంటు పాలతో మూయాలి. ఆ రాత్రి మూయలేదు.

110 అడుగుల దగ్గర పొడి తడిసింది. 130 దగ్గర సన్నటి ధార. అక్కడి నుంచి 600 దాకా వట్టి దుమ్ము. వీధంతా తెల్లబడింది, పార్కు చేసిన కార్ల అద్దాల మీద వేలితో పేర్లు రాయొచ్చు. 640లో కొంచెం తేమ. వెయ్యి దాకా వెళ్లాక వచ్చిందంతా కలిపి చూస్తే పది లీటర్ల బకెట్టు నిండటానికి 20 సెకన్లు, అంటే నిమిషానికి 30 లీటర్లు. ఎనిమిది గంటలు తోడినా 14,400 లీటర్లు. 60 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, మనిషికి ప్రామాణికంగా లెక్కవేసే 135 లీటర్ల చొప్పున వాళ్లకు కావల్సింది 32,400.

పైగా ఆ 30 లీటర్లు రోజూ రావు. ఆరున్నర అంగుళాల బోరు వెయ్యి అడుగులు నిండా ఉన్నా అందులో ఉండేది ఆరున్నర వేల లీటర్లు. పొద్దున స్విచ్ వేయగానే జోరుగా వచ్చేది ఆ నిలవ నీళ్లే. అది అయిపోయాక వచ్చేదే అసలు ఊట. ‘పొద్దున బాగానే పోస్తోంది, పదింటికల్లా గాలి కొడుతోంది’ అని మెకానిక్‌ను పిలుస్తారు, అతను మోటరు ఇంకో వంద అడుగులు దించుతాడు. మోటరు ఎంత దించినా ఊట పెరగదు. నీళ్లు లేనప్పుడు మోటరును తనే ఆపేసే (డ్రై రన్ కటాఫ్) ప్యానెలు, అరగంట నడిపి గంట ఆపే టైమరు పెట్టుకుంటే మోటరు వైండింగు కాలదు, సందులకు మళ్లీ నిండే వ్యవధి దొరుకుతుంది.

ఈ కాంప్లెక్సులోనే గేటు పక్క ఎండిపోయిన పాత బోరొకటి ఉంది, దాని మీద పూలకుండీ. అలా వదిలేయడం ప్రమాదం. పిల్లలు పడిపోతున్నారని 2010లో సుప్రీంకోర్టే విడిచేసిన బోర్లను మూయాలని మార్గదర్శకాలిచ్చింది. దాన్ని మూయనైనా మూయాలి, పనికైనా పెట్టాలి. పనికి పెట్టడమంటే పైకప్పు మీది వాననీళ్లను దాని గుండా నేలలోకి దించడం, ఆ పద్ధతి ఇది.

కేసింగు చుట్టూ ఆరడుగుల చదరం, ఎనిమిది నుంచి పది అడుగుల లోతు గుంత తవ్వాలి. గుంత అడుగుభాగంలో నాలుగైదు అడుగుల మేర కేసింగుకు చిన్న చిల్లులు వేసి, నైలాన్ జాలీ రెండు మూడు చుట్లు చుట్టి కట్టాలి. కేసింగు పైభాగం మూత వేసే ఉండాలి. గుంతలో సగం దాకా 40 మిల్లీమీటర్ల కంకర, ఆపైన పావువంతు 20 మిల్లీమీటర్ల కంకర, ఆపైన దొడ్డు ఇసుక, మీద అడుగు, అడుగున్నర ఖాళీ. ఇసుకకూ కంకరకూ మధ్య జాలీ పరవకపోతే మొదటి వానకే ఇసుక కిందికి జారి రాళ్ల సందులు నింపేస్తుంది. గుంతకు ముందు మూడడుగుల చదరం మట్టి తేరుకునే తొట్టి. పైకప్పు గొట్టానికి మొదటివాన నీళ్లు బయటికి వదిలే వాల్వు. ఇందులోకి పైకప్పు నీళ్లు తప్ప ఇంకేవీ రాకూడదు: కార్లు కడిగినవి వద్దు, సెల్లార్లోవి వద్దు, రోడ్డువి అసలే వద్దు. తాగడానికి వాడుతున్న బోరుకు చిల్లులు వేయకూడదు. బురదనీళ్లు ఒక్కసారి లోపలికి పోతే బండ సందులు పూడతాయి. కంప్రెసరుతో ఫ్లషింగ్ చేయించినా అన్నీ తెరుచుకోవు.

గుంత ఎంత పెద్దదన్నది కాదు, ఎంత తొందరగా ఇంకుతుందన్నది చూడాలి. 300 గజాల పైకప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే, అందులో 85 శాతం పట్టుకున్నా, 10,600 లీటర్లు. రెండు మీటర్ల చదరం, రెండున్నర మీటర్ల లోతు గుంతలో కంకర పోగా మిగిలే ఖాళీ నాలుగు వేల లీటర్లే. కంకర వేయకముందే ఖాళీ గుంతలో అడుగు ఎత్తు నీళ్లు పోసి గడియారం చూసుకోవాలి. గంటలో ఇంకితే సరే. పొద్దున పోసినవి సాయంత్రానికీ ఉంటే అక్కడ బంకమట్టి ఉన్నట్టు, చోటు మార్చాలి. ఏటా మే నెలలో పై ఇసుక రెండు మూడంగుళాలు గీకి కడగాలి. నగరంలో చూసిన ఇంకుడు గుంతల్లో చాలావాటికి మీద టైల్సు వేసేశారు, గీకే వీలే లేదు.

ఆదివారం, గండిపేట

1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టినవి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరం దాహం తీర్చాయి. ఆదివారం కట్ట మీద జనం, ఉడికించిన మొక్కజొన్న, ముంజలు డజను వంద. ముంజలమ్మే అక్క బొటనవేలితో తీసి ఆకులో పెట్టి ఇచ్చింది.

1996 నాటి 111 జీవో ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కట్టడాలకు హద్దు పెట్టింది. 2022లో ఆ హద్దును ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. ఈలోగా నగరానికి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వందేసి కిలోమీటర్లు దాటి వస్తున్నాయి. తెల్లని కట్ట పక్కన నిలబడి చూస్తే ఎండకు నీటి అంచు ఎంత వెనక్కి వెళ్లిందో రాళ్ల మీది చారల్లో కనబడుతుంది. ఈ ప్రాంతంలో ఏడాదిలో కురిసేదానికి రెట్టింపుకు పైగా ఆవిరి చేయగల ఎండ ఉంది. ఎండలు పెరిగేకొద్దీ తెరిచి ఉన్న నీటికన్నా నేలలో దాచిన నీరే నయమనే మాట బలపడుతుంది. నేలలో ఎంత పడుతుందన్నదే ప్రశ్న, దానికోసమే సోమవారం దక్షిణానికి.

సోమవారం, మహేశ్వరం

నగరానికి దక్షిణంగా ముప్పయి కిలోమీటర్ల పైన. ఇక్కడి 53 చదరపు కిలోమీటర్ల వాలును జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలిసి ఏళ్ల తరబడి కొలిచారు. ఏడొందలకు పైగా వ్యవసాయ బోర్లున్న చోటు. గ్రానైటు ప్రాంతాల నీటి సంగతి మనకు ఇంత వివరంగా తెలిసిందంటే అందులో పెద్ద పాలు ఈ పొలాలదే.

వాళ్లు తేల్చిన దానిలో రైతుకు, అపార్ట్‌మెంటు కార్యదర్శికి పనికొచ్చే ముక్క ఒకటి. పైన పది, ఇరవై మీటర్లు మొరంగా మారిన పొర. దాని కింద సన్నటి పగుళ్లు నిండిన పొర. నీళ్లు ఇచ్చే పగుళ్లు ఎక్కువభాగం పైనుంచి 35, 40 మీటర్ల లోపే ఉంటాయి, అంటే 130 అడుగుల లోపు. ఆ కిందిది గట్టి బండ. కొండాపూర్‌లో 110, 130 అడుగుల దగ్గర పొడి తడిసి, ఆ తర్వాత 500 అడుగులు దుమ్ము రావడం అందుకే. లోతుల్లో ఎక్కడో ఒక పగులు తగిలినా అది పైనున్న నీళ్లతో సరిగా కలవదు. ఒకటి రెండు వేసవులు తోడితే ఖాళీ.

ఆ పగుళ్ల పొర పట్టే నీళ్లు వందకు ఒకటిన్నర పాలు కూడా లేవు. ఇక్కడ కొలిచింది సుమారు 1.4 శాతం. 20 మీటర్ల మందం పొర అంచు దాకా నిండినా, లోపలుండేది 280 మిల్లీమీటర్ల నీరు, ఒక ఏడాది వానలో దాదాపు మూడోవంతు. లోతైన కుండ అనుకుని తవ్వుతున్నది నిజానికి పళ్లెం. 70 మిల్లీమీటర్ల వాన దిగితే మట్టం అయిదు మీటర్లు లేస్తుంది, ఊరంతా ‘బోర్లు ఉబికాయి’ అని సంబరపడుతుంది. అంతే వేగంగా దిగిపోతుంది. మారుతున్న వాతావరణంలో ఇదే చిక్కు. 2020 అక్టోబరు 13న బేగంపేటలో ఒక్కరోజే 19 సెంటీమీటర్లు కురిసింది. అలాంటి వానలో పళ్లెం నిండిన తర్వాత పడేదంతా పొర్లి పోవాల్సిందే, మూడేళ్లకు సరిపడా దాచుకుందామన్నా చోటు లేదు. వరసగా రెండేళ్లు వాన తప్పితే మాత్రం అడుగు తేలుతుంది. ఇంకుడు గుంతలు ఎన్ని తవ్వినా ఈ కొలత పెరగదు. తోడేదాన్ని లెక్కలో పెట్టుకోవడం తప్ప ఇంకో దారి లేదని ఈ పొలాలు చూశాక గట్టిగా అనిపిస్తుంది.

ఒక ఊరి చివర బోరు గట్టు మీద రైతు, వయసు అరవై దాటి ఉంటుంది, అన్నం మూట విప్పుతూ కనిపించాడు. ‘కూసోన్రి సార్, జొన్న రొట్టె, పచ్చిపులుసు’ అని చెరో ముక్క తుంచి పెట్టాడు. వద్దంటే ఒప్పుకోలేదు. ‘కరెంటుకేం తక్వ లేదు, ఇరవై నాలుగ్గంటలు ఉంటది. నీళ్లే మూడు గంటలు పోస్తయ్.’ తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి ఉంది. అంతకుముందు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక పెట్టుకున్న ఆటో స్టార్టర్లు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. మనిషి లేకపోయినా మోటరు తిరుగుతుంది, నిండిన మడి మళ్లీ నిండుతుంది. ఈయన పీకేశాడు. ‘రాత్రి బోరుకు నిద్ర ఉండాలె’ అన్నాడు.

బోరులో నీళ్లు ఎన్ని అంటే ఇక్కడ ‘రెండించులు’ అంటారు. రిగ్గువాళ్లు తొట్టి అంచుకు కోసిన వి ఆకారపు గాడిలో నీటి ఎత్తు అది. ఆ మాటలో మోసం దాగి ఉంది. 90 డిగ్రీల గాడిలో రెండించులంటే నిమిషానికి 48 లీటర్లు. నాలుగించులంటే దానికి రెట్టింపు కాదు, 270 లీటర్లకు పైనే, అయిదున్నర రెట్లు. నాలుగించులు ఉన్న బోరు మూడించులకు పడిందంటే పావువంతు పోలేదు, సగానికి పైగా పోయింది. రైతులు ఇంచుల్లోనే లెక్కవేసి ‘కొంచెం తగ్గింది’ అనుకుని అదే ఎకరాలు నాటేస్తారు.

ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల లెక్కన ఎకరానికి 48 లక్షల లీటర్ల పైన. అందులో దాదాపు సగం మళ్లీ నేలలోకే దిగుతుందని ఇక్కడే కొలిచారు, దాన్ని తీసేసినా 600 మిల్లీమీటర్లు పోయినట్టే. ఏటా వానతో దిగేది 80 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక ఎకరం యాసంగి వరి ఏడున్నర ఎకరాల నేల మీద దిగిన వానను తాగుతుంది. వేరుశనగకైతే వరిలో సగం నీళ్లు కూడా అక్కర్లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురంతో సహా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో 2000ల్లో రైతులే వానమాపకాలు, మట్టం కొలిచే టేపులు పట్టుకుని యాసంగికి ముందు ఊరి నీటి పద్దు వేసుకున్న పని జరిగింది. ఎవరినీ బలవంతపెట్టలేదు, లెక్క గోడ మీద రాశారు. చూసినవాళ్లలో చాలామంది వరి తగ్గించారు.

మట్టం కొలవడం కష్టం కాదు. మోటరు రాత్రంతా ఆపి, పొద్దున స్విచ్ వేయకముందే టేపు దించాలి. నీటికి తగలగానే బజరు మోగే టేపులు దొరుకుతాయి. మోటరు పైపు, కేబులు మధ్య టేపు చిక్కుకోకుండా, బోరు వేసినప్పుడే పక్కన అరంగుళం పైపు ఒకటి దించి ఉంచితే ఇబ్బంది ఉండదు. నెలకొకసారి, అదే తేదీన, కేసింగు అంచు నుంచి కొలవాలి. అంచు నేలకు ఎంత ఎత్తో ఒకసారి రాసుకుంటే చాలు.

మంగళవారం, పటాన్‌చెరు, శంకర్‌పల్లి

పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్, 1972లో పెట్టిన మెట్టపంటల పరిశోధన కేంద్రం. ఆ గేటు దాటితే పచ్చదనం, రోడ్డుకవతల పారిశ్రామికవాడ. ఆ వైపు భూగర్భజలం పాడైన కథ పాతది, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాడైన చోట ఇంకుడు గుంత తవ్వకూడదు. దిగిన నీరు రసాయనాన్ని ఇంకా ముందుకు నెడుతుంది. ముందు నీళ్ల పరీక్ష, తర్వాతే గడ్డపార.

శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999 నుంచి ఇక్రిశాట్, ప్రభుత్వం, ఊరివాళ్లు కలిసి చేసిన పనిలో మాకు నచ్చింది చెక్‌డ్యాములు కాదు, అవి అంతటా ఉంటాయి. వాగు పక్కన ఎండిపోయిన పాత బావుల్లోకి వరదనీటిని మళ్లించడం. బావి తవ్విన ఖర్చు తాతలు పెట్టేశారు, ఇప్పుడు కావల్సింది చిన్న కాలువ, మట్టి తేరే తొట్టి మాత్రమే. చెరువు పూడికను పొలాలకు తోలడం కూడా ఇలాంటిదే, అయితే కింది మొరం తేలేదాకా గీకేస్తే కట్టకింద ఊట పెరిగి కట్ట బలహీనపడుతుంది. పైన పరుచుకున్న ఒండ్రు వరకే తియ్యాలి, కట్టకు దూరంగా.

దారిలో సర్వపిండి, వేడి వేడిగా, ముప్పయి రూపాయలు. అక్కడా మూలన ప్లాస్టిక్ డ్రమ్ములే.

బుధవారం, చౌటుప్పల్ దారి

విజయవాడ రోడ్డులో యాభై కిలోమీటర్లు. నగరం నీళ్ల గురించి మాట్లాడేవాళ్లు పరిమాణం దగ్గరే ఆగిపోతారు. ఈ వైపు వస్తే మాట ఫ్లోరైడుకు మారుతుంది. నల్గొండ వైపు గ్రానైటులోనే ఫ్లోరైడు ఉంది. నీరు రాతితో ఎంత ఎక్కువకాలం ఉంటే అంత కరుగుతుంది. లోతు బోర్లలో నీరు పాతది కాబట్టి అక్కడ ఎక్కువ ఉండే ప్రమాదం ఉంటుంది. వరిమడి నుంచి తిరిగి దిగే నీళ్లు ప్రతి తిరుగుడులోనూ ఆవిరై చిక్కబడతాయి, లవణాలూ ఫ్లోరైడూ వాటితోపాటే. కొత్త వాననీరు దిగితే కొన్నిచోట్ల పలచబడుతుంది, కొన్నిచోట్ల ఎండిన మొరంలో పేరుకున్నదాన్ని కడిగి తెచ్చి మొదటి ఏడాది పెంచుతుంది కూడా. కాబట్టి రీచార్జి గుంత, అంటే వాననీటిని నేలలోకి దించే గుంత, తవ్వగానే ఆ బోరు నీళ్లు తాగొచ్చనుకోకూడదు.

మంచినీళ్లకు ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే ఆధారం లేకపోతే ఒకటిన్నర దాకా అనుమతి. రుచిలో, రంగులో తెలియదు. కాచితే పోదు, ఇంకా చిక్కబడుతుంది. రోడ్డు పక్క హోటల్లో భోజనం నూటముప్పయి, పప్పులో మామిడికాయ, నీళ్లు మాత్రం సీలు బాటిలే తెచ్చి పెట్టాడు కుర్రాడు. ‘బోరు నీళ్లు చేతులు కడగనీకే సార్’ అన్నాడు.

పరీక్షకు నీళ్లు పట్టేటప్పుడు మోటరు కనీసం పది నిమిషాలు నడిపి, గొట్టంలో నిలవున్నవి పోయాక పట్టాలి. గాజుసీసా వద్దు, ఫ్లోరైడు గాజుతో చర్య జరపగలదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా అంచు దాకా నింపి మూత బిగించాలి. సీసా మీద బోరు లోతు, మోటరు దించిన లోతు, తేదీ, ఆ పొద్దుటి నీటిమట్టం రాయాలి. అవి లేకుండా వచ్చిన అంకె దేనికీ పోల్చుకోవడానికి పనికిరాదు. మేలో ఒకటి, నవంబరులో ఒకటి, అదే బోరు నుంచి పడితే రీచార్జి ఆ బోరుకు మంచి చేస్తోందో చెడు చేస్తోందో అప్పుడు తెలుస్తుంది.